నీరు పల్లమెరుగు

సీసం అనగానే ఇరవై ఏళ్ళుగా నాకు ముందు గుర్తుకొచ్చేది పద్యం. నాలుగు పెద్ద పాదాలూ, వాటికింద తేటగీతో ఆటవెలదో ఒకటి. మా క్లాసులో కుర్రాళ్ళు పెద్ద పాదాలు నాలుగూ గడగడా అప్పజెప్పి, గీతం దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతారు. "సీసం కింద గీతం లేకపోతే పద్యం కాదర్రా, భోజనం పెట్టి మజ్జిగ పొయ్యనట్టు!" అని ఏటేటా చెప్పే హాస్యమే చెబుతాను. వాళ్ళూ ఏటేటా మర్యాదకోసం నవ్వుతారు.

సీసం ఒక లోహమనీ, అది ఒంట్లో చేరితే ప్రమాదమనీ తెలియనివాణ్ణి కాను. కాని దాన్నిగురించి భయపడింది మాత్రం 2020 డిసెంబరులోనే. ఆ నెల మొదటివారంలో మా ఏలూరులో వున్నట్టుండి మనుషులు మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో ఐదువందలమందికి పైగా ఆస్పత్రిపాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్సువారు రక్తం పరీక్షచేసి సీసమూ, నికెలూ కనబడ్డాయన్నారు. తరువాత వచ్చిన నిపుణులు పురుగుమందులవైపు వేలు చూపించారు. ఏది ఏమైనా, ఆ వారం రోజులూ మా వీధిలో కుళాయినీళ్ళు గొంతులో పోసుకోవాలంటే ఎవరికీ ధైర్యం చాలలేదు. మా ఆవిడ నీళ్ళు కాచి, చల్లార్చి, అనుమానం తీరక మళ్ళీ కాచేది.

ఎంత కాచినా సీసం పోదు. పైగా నీరు ఆవిరై తగ్గినకొద్దీ, మిగిలినదాంట్లో సీసంపాలు పెరుగుతుంది. ఈ సంగతి మాకు తెలిసింది నాలుగేళ్ళ తరువాత. చెప్పింది మా అక్క కూతురు.

ఆ అమ్మాయి అమెరికాలో, మిచిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గర వుంటుంది. 2025 సంక్రాంతికి మూడేళ్ళ పాపని తీసుకుని వచ్చింది. భోజనాల దగ్గర మా ఆవిడ పాపకి గ్లాసుతో నీళ్ళందిస్తూంటే, "అత్తయ్యా, ఈ కుళాయి గొట్టం ఇనుమా, ప్లాస్టిక్కా, సీసమా?" అని అడిగింది.

"గొట్టం ఏదైతేనేం తల్లీ, నీళ్ళు కాలవవి" అంది మా ఆవిడ.

మేనకోడలు నవ్వలేదు. "ఫ్లింటులో కూడా అందరూ నీళ్ళే చూశారత్తయ్యా, గొట్టాలు చూడలేదు" అంది.

అలా వచ్చింది ఫ్లింటు కథ మా ఇంటికి. ఆ రాత్రి ఆమె కొంత చెప్పింది. మిగిలింది తరువాత నేను వెతికి చదువుకున్నాను. సీసం పాఠం చెప్పి బతికేవాణ్ణి కాబట్టి, ఈ సీసం కూడా మీకు చెప్పడం నా విధి అనిపిస్తోంది.

ఫ్లింటు చిన్న వూరేమీ కాదు. జనరల్ మోటార్స్ కంపెనీ 1908లో పుట్టింది అక్కడే. ఒకప్పుడు రెండు లక్షలదాకా వున్న జనం, కార్ల కర్మాగారాలు మూతపడినకొద్దీ తగ్గి, పదేళ్ళక్రితానికి లక్షకు దిగిపోయారు. వారిలో సగంకంటె ఎక్కువమంది నల్లవారు. నూటికి నలభైమంది పేదవారు. నగరం అప్పుల్లో కూరుకుపోయిందని రాష్ట్రప్రభుత్వం తనే ఒక అధికారిని నియమించి, పెత్తనమంతా ఆయన చేతిలో పెట్టింది. ప్రజలు ఎన్నుకున్నవారు వున్నారు గాని, వుత్సవ విగ్రహాల్లా వున్నారు.

అంతవరకూ ఆ వూరికి డెట్రాయిట్‌నుంచి, హ్యూరాన్ సరస్సు నీరు శుద్ధిచేసి వచ్చేది. ఖర్చు తగ్గించుకోవడానికి, కొత్త గొట్టం సిద్ధమయేదాకా వూళ్ళోని ఫ్లింటు నదినీళ్ళే వాడుకుందామన్నారు. 2014 ఏప్రిల్ 25న కుళాయిలు నదికి తిప్పారు.

నదినీళ్ళు నేరంచేశాయని కాదు. చాలా ఇళ్ళకు నీరు తెచ్చే గొట్టాలు పాతకాలపు సీసం గొట్టాలు. డెట్రాయిట్ నీటిలో కలిపే ఫాస్ఫేటు మందువల్ల వాటి లోపల ఒక పొర కట్టి వుండేది. మన ఇత్తడిగిన్నెకు కళాయిలాంటిదన్నమాట. కళాయి వున్నన్నాళ్ళు ఇత్తడిగిన్నెలో పులుసు కాచుకోవచ్చు. అది పోయిందా, పులుసు చిలుమెక్కుతుంది. నదినీరు గొట్టాలను తినే స్వభావం కలది. దానికి ఆ మందు కలపలేదు. కలిపితే రోజుకు నూరు డాలర్ల ఖర్చని తరువాత లెక్కగట్టారు. పొర కరిగిపోయింది. సీసం నీటిలో దిగింది.

నీళ్ళు గోధుమరంగులో వస్తున్నాయనీ, కంపుకొడుతున్నాయనీ, పిల్లల ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయనీ జనం సీసాల్లో పట్టుకొచ్చి చూపించారు. బాగానే వున్నాయి, తాగండి అన్నారు అధికారులు. అదే సంవత్సరం అక్టోబరులో జనరల్ మోటార్స్‌వారి ఇంజన్ల కర్మాగారం, ఈ నీళ్ళవల్ల మా ఇంజను భాగాలు తుప్పుపడుతున్నాయని చెప్పి, వేరేచోటునుంచి నీళ్ళు తెచ్చుకుంది. వారికి అనుమతి దొరికింది. ఇనప ఇంజనుకు పనికిరాని నీళ్ళు పసిపిల్లలు మరో ఏడాది తాగారు.

ఆ దేశంలో నియమం ప్రకారం, నూరుకోట్ల పాళ్ళ నీటిలో సీసం 15 పాళ్ళు దాటితే చర్య తీసుకోవాలి. ఒక తల్లి పట్టువదలకుండా తిరిగి తిరిగి పరీక్ష చేయించగా, ఆమె ఇంటి నీళ్ళలో ఒకసారి 13,000 పాళ్ళు దాటి కనబడింది. వర్జీనియా టెక్ ఆచార్యుడు మార్క్ ఎడ్వర్డ్స్ బృందం ఆ పరీక్షలు చేసింది. హర్లీ ఆస్పత్రి పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అటీషా తన ఆస్పత్రి కాగితాలు తిరగేసి, ఐదేళ్ళలోపు పిల్లల్లో సీసం ఎక్కువగా వున్నవారు దాదాపు రెట్టింపయ్యారని 2015 సెప్టెంబరు 24న పత్రికలవారిముందు పెట్టింది. ముందు ఆమె లెక్కే తప్పన్నారు. కొద్దిరోజుల్లోనే ఒప్పుకోక తప్పలేదు. అక్టోబరు 16న మళ్ళీ డెట్రాయిట్ నీరు తెచ్చారు. అప్పటికి పద్ధెనిమిది నెలలు కావస్తోంది.

ఇక్కడివరకూ మీలో కొందరు విని వుంటారు. నన్ను పట్టుకున్నది దీని తరువాతి కథ.

నష్టం జరిగింది, సరే. దానికి వెల ఎవరు కట్టాలి? ఎవరికి కట్టాలి? ఎంత? ఒక్కొక్క తల్లీ విడివిడిగా కోర్టుకెక్కితే, వకీలు ఫీజుకే ఇల్లు అమ్ముకోవాలి. అంచేత అక్కడ ఒక ఏర్పాటు వుంది: ఒకే రకంగా నష్టపోయిన వేలమంది తరపున కొద్దిమంది నిలబడి ఒకే దావా వేయవచ్చు. తీర్పు వస్తే అందరికీ వర్తిస్తుంది. మనదేశంలో కూడా 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో, ఒకటవ ఆర్డరు ఎనిమిదవ రూలు కింద, కోర్టు అనుమతితో ఇలా వేసే వీలుంది. పదిమందీ కలిస్తే గడ్డిపరకలు కూడా మోకవుతాయన్న మాటకు న్యాయశాస్త్రంలో పేరు అది.

2020 ఆగస్టులో మిచిగన్ రాష్ట్రప్రభుత్వం 60 కోట్ల డాలర్లు ఇస్తానని రాజీకి వచ్చింది. నగరం తరపు బీమావారు 2 కోట్లు, ఒక ఆస్పత్రీ, ఒక ఇంజనీరింగు సంస్థా మరికొంత కలిపారు. 2021 నవంబరు 10న జిల్లా న్యాయమూర్తి జూడిత్ లీవీ, మొత్తం 62 కోట్ల 62 లక్షల 50 వేల డాలర్ల రాజీని ఆమోదించింది.

పంపకం చేసిన పద్ధతి చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆ డబ్బులో నూటికి 79.5 పాళ్ళు, ఆ నీళ్ళు మొదట తాగేనాటికి పద్ధెనిమిదేళ్ళు నిండనివారికి. అందులోనూ 64.5 పాళ్ళు ఆరేళ్ళూ అంతకు లోపు పసివారికి. ఏడునుంచి పదకొండేళ్ళవారికి 10 పాళ్ళు, ఆపైవారికి 5. పెద్దలకు 15 మాత్రమే. ఇళ్ళ నష్టానికి 3. పిల్లల ప్రత్యేక విద్యకు 2. సాధారణంగా ఆస్తి పంచేటప్పుడు పెద్దవాడికి పెద్దవాటా అడగడం మనకు తెలుసు. ఇక్కడ ఎంత చిన్నవాడైతే అంత పెద్దవాటా. సీసం పద్ధతీ అదే. పెద్దవాళ్ళ ఒంటికి పట్టినదానికి నాలుగైదు రెట్లు పసివాడి ఒంటికి పడుతుంది. మెదడు పెరిగే వయసులో దాన్ని దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంటోంది.

అంటే న్యాయం జరిగినట్టేగా అంటారు మీరు. నేనూ అదే అన్నాను మేనకోడలితో.

"మా ఆఫీసులో నా పక్కసీటావిడది ఫ్లింటే మావయ్యా" అంది. ఆవిడకు ఇద్దరు పిల్లలు. కుళాయి తిప్పిననాటికి పెద్దవాడికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి ఏడాది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే కుళాయి నీళ్ళు తాగారు. ఇంకా చెప్పాలంటే చిన్నదే ఎక్కువ తాగింది. పాలపొడి కలిపింది ఆ నీళ్ళతోనే. పెద్దవాడికి ఏదో జ్వరంవస్తే ఆ రోజుల్లోనే ఆస్పత్రిలో రక్తం తీశారు. అందులో సీసం అంకె కాగితంమీదకెక్కింది. చిన్నదానికి రక్తపరీక్ష చేయించింది గొడవంతా బయటపడి, ఇంట్లో సీసానీళ్ళు తాగడం మొదలై కొన్నాళ్ళయాక. అంకె తక్కువ వచ్చింది.

"తక్కువొస్తే మంచిదేగా?" అంది మా ఆవిడ.

కాదు. ఇక్కడే వుంది కిటుకు. రక్తంలో సీసం ఎక్కువకాలం నిలవదు. నెలరోజులకు సుమారు సగమవుతుంది. కొంత బయటికిపోతుంది, కొంత, శరీరం దాన్ని సున్నమనుకుని మోసపోవడంవల్ల, ఎముకల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. అక్కడ ఏళ్ళతరబడి, దశాబ్దాలతరబడి వుంటుంది. ఆడపిల్లలకైతే మరీ దారుణం: ఆ పిల్ల పెరిగి పెద్దదై కడుపుతో వున్నప్పుడు, ఎముకల్లోని సీసం కరిగి రక్తంలోకొచ్చి, కడుపులో బిడ్డకు చేరవచ్చు. అంటే ఆ నీళ్ళు, వాటిని ఎన్నడూ తాగని మరో తరాన్ని కూడా తాకవచ్చు.

రాజీ ప్రకారం ఎవరికెంత అన్నది, వయసుతోబాటు వాళ్ళు చూపించే రుజువునుబట్టి. రక్తపరీక్షలో పెద్ద అంకె వున్నవారికి పెద్దమొత్తం. ఎముకలో సీసం కొలిచే పరీక్ష కూడా ఒక రుజువే అన్నారు. కాని అది అందరికీ సమానంగా అందుబాటులో లేదని కొందరూ, ఆ చేతియంత్రం మనుషులకోసం చేసింది కాదని వైద్యులు కొందరూ అభ్యంతరం చెప్పారు. దావాలో పేరు నమోదు చేసుకున్నవారు 50,000కు పైగా. ఒక్కొక్కరి కాగితమూ చూడాలి. చాలకపోతే ఉత్తరం రాయాలి. వాళ్ళు మళ్ళీ తెచ్చివ్వాలి. న్యాయవాదుల ఫీజు కూడా ఆ మొత్తంలోంచే. ఫీజు తియ్యకముందే తలకు సమానంగా పంచినా, పన్నెండువేల డాలర్లకు అటూఇటూ. పుట్టిన ఏడాదికి సీసం తాగిన పిల్ల జీవితానికి అదెంత? 2024 ఏప్రిల్‌కు కుళాయి తిప్పి పదేళ్ళు నిండాయి. ఆ రోజుకు ఆ రాజీ డబ్బు ఒక్క కుటుంబం చేతికీ రాలేదు. పాలపొడి డబ్బాతో వున్న పిల్ల అప్పటికి ఐదారు తరగతులకు వచ్చింది.

"ఆవిడ దగ్గర చెప్పుల డబ్బా ఒకటుంది మావయ్యా" అంది మేనకోడలు. "అందులో నీటిబిల్లులు అన్నీ దాచింది. కట్టిన రసీదులతోసహా."

దేశంలోకెల్లా ఖరీదైన నీళ్ళలో ఒకటిట ఆ నీరు. ఆవిడ డబ్బు పెట్టి కొన్న విషానికి రసీదులవి. ఆ ఇంట్లోనే వున్నామనీ, ఆ నీళ్ళే తాగామనీ రుజువుచేసే కాగితాలు అవే. కొడుకు రక్తపరీక్ష కాగితం వాటితోబాటే వుంది. కూతురి కాగితమూ వుంది. కొడుకు కాగితం చూపించినప్పుడు ధైర్యంగా వుంటుందిట. కూతురిది తీసినప్పుడల్లా, "నేను నెలలముందు ఎందుకు తీసుకెళ్ళలేదు?" అంటుందిట. ఎవరో చేసిన తప్పుకు తల్లి తనను తాను నిలవేసుకుంటోంది. ఏ రాజీపత్రంలోనూ ఈ నష్టానికి పద్దు లేదు.

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మన సామెత. చిన్నప్పటినుంచీ దాన్ని ఓదార్పుగా విన్నాను. ఆ రాత్రి మాత్రం అది ఓదార్పుగా తోచలేదు. నిజం దేవుడికొక్కడికే తెలిస్తే కోర్టుకేం లాభం? నీళ్ళెప్పుడూ పల్లానికే పోతాయి. ఆ వూళ్ళో పల్లాన వున్నవారు పేదలు. నిజాన్ని మాత్రం ఎవరో ఒకరు మోసుకుని పైకెక్కాలి. ఒక తల్లి నీళ్ళసీసాతో, ఒక డాక్టరు ఆస్పత్రి లెక్కలతో, ఒక ఆచార్యుడు పరీక్షసామగ్రితో ఎక్కారు కాబట్టి ఫ్లింటు నిజం కోర్టుదాకా వెళ్ళింది. వాళ్ళు ఎక్కకపోతే అది ఆ పసిపిల్ల ఎముకల్లోనే వుండిపోయేది.

నాకు మింగుడుపడనిది ఒకటే. మందు కలపలేదన్న సంగతి తెలిసినవారి దగ్గర రికార్డులన్నీ వున్నాయి. గొట్టాలు వారివి, నీళ్ళు వారివి. అయినా రుజువు తెమ్మన్నది పాలడబ్బా పట్టుకున్న తల్లిని. ఇలాంటి దావాల్లో వేలమంది ఒక్కరై నిలబడితే ఆ బరువు కొంత తేలికవుతుంది. నీళ్ళు చెడిపోయాయా, చెడగొట్టిందెవరు అని ఒక్కొక్కరూ మొదటినుంచి నిరూపించనక్కరలేదు. అది గొప్ప విషయమే. కాని చివరిమెట్టు దగ్గర మాత్రం ఎవరి బిడ్డకోసం వారే, ఎవరి కాగితంతో వారే నిలబడాలి.

ఇది అమెరికా సంగతి, మనకెందుకు అనుకోవద్దు. భోపాల్‌ను మరిచిపోగలమా? 1984 డిసెంబరులో గాలి విషమైతే, 1985లో చట్టంచేసి బాధితులందరి తరపునా కేంద్రప్రభుత్వమే నిలబడింది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆ డబ్బుకోసం ఏళ్ళతరబడి జనం ఆస్పత్రి చీటీలు పట్టుకు వరసల్లో నిలబడ్డారు. ఎక్కువమందికి ముందు అందింది 25,000 రూపాయలు. అది చాలదని వేసిన చివరి అర్జీని 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. వూరేదైనా, గాలైనా నీరైనా, చివరికి చేతిలో కాగితం వుందా అనే అడుగుతారు.

శిక్షల సంగతి అడుగుతారేమో. ఫ్లింటు వ్యవహారంలో మాజీ గవర్నరుతోసహా పలువురిమీద 2021 జనవరిలో నేరారోపణలు చేశారు. ఆరోపించిన పద్ధతి చెల్లదని 2022 జూన్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. 2023 అక్టోబరుకల్లా కేసులు ముగిసిపోయాయి. ఎవరూ జైలుకు పోలేదు. కాబట్టి ఆ జనానికి "మీకు అన్యాయం జరిగింది" అని చెప్పే రాజముద్ర పడిన కాగితం ఈ పరిహారమొక్కటే. డబ్బుకోసమే దావా వేశారనేవారికి నేను చెప్పేది ఇదే: డబ్బు తక్కువైనా వాళ్ళకు ఆ మాట కావాలి.

మేనకోడలు తిరిగి వెళ్ళాక, జూలైలో ఫోను చేసింది. ఫ్లింటులో సీసం గొట్టాలు, దాదాపు 11,000, తవ్వి తీసి కొత్తవి వేయడం పూర్తయిందని రాష్ట్రం కోర్టుకు తెలియజేసిందట. అది వేరే దావా ఫలితం. 2017లో కుదిరిన ఒప్పందం. గొట్టాలు మారడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఎముకలు మార్చే ఒప్పందం ఏ కోర్టూ చేయలేదు.

ఈ ఏడు మా క్లాసులో సీసపద్యం పాఠానికి వచ్చినప్పుడు, ఒక కుర్రాడు యథాప్రకారం గీతం దగ్గర ఆగిపోయాడు. ఏటేటా చెప్పే హాస్యం నోటిదాకా వచ్చి, ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. "కూర్చుని మళ్ళీ చదువు, తొందరలేదు" అన్నాను.

ఇంట్లో మాత్రం ఒక మార్పు వచ్చింది. కుళాయినీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపించాం. మన ప్రమాణం ప్రకారం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించి సీసం వుండకూడదు. మా నీళ్ళు గట్టెక్కాయి. ఫలితం కాగితాన్ని నేను బల్లమీద పడేస్తే, మా ఆవిడ తీసి, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లూ టీకాల కార్డులూ దాచే రేకుపెట్టెలో పెట్టింది. పెట్టెలోకి తొంగిచూస్తే, ఇదివరకు ఇస్త్రీబట్టల లెక్క రాసుకోవడానికి తప్ప పనికిరాని నీటిపన్ను రసీదులు, వరసగా దారంకట్టి వున్నాయి.

"ఇవెందుకే?" అన్నాను.

"ఏమోనండీ, వుండనివ్వండి" అంది. "పిల్లలు తాగిన నీళ్ళకి మన దగ్గర కూడా ఓ లెక్కుండద్దూ?"